నీలం ఎక్కడికి పోతోంది? సీఎన్‌టీ–టైటానియా ప్రాజెక్టు డైరీ

పని ఇది: కార్బన్ నానోట్యూబుల (సీఎన్‌టీ, అతి సన్నటి కార్బన్ గొట్టాలు) మీద టైటానియం డయాక్సైడ్ (టైటానియా) పెంచాలి, ఆ పొడిని ఉత్ప్రేరకంగా మిథిలిన్ బ్లూ అనే నీలం రంగు నీళ్లలో కలిపి యూవీ వెలుతురు కింద పెట్టాలి, రంగు ఎంత విరిగిందో కొలవాలి. చేసింది విశాఖపట్నంలో, వానాకాలంలో. ఊరు, కాలం చెప్పడానికి కారణం ఉంది. మూడో దశలో వచ్చిన తలనొప్పి అంతా గాలిలో తేమ వల్లే.

అసలు సంగతి రెండు ముక్కల్లో. అనటేజ్ అనే స్ఫటిక రకం టైటానియా బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ లేవడానికి కావలసిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే సుమారు 388 నానోమీటర్లు, అంతకంటే పొట్టి తరంగాలు పడితేనే ఎలక్ట్రాన్ లేచి, వెనక ఖాళీ మిగులుతుంది. ఆ రెండూ మళ్లీ కలిసిపోతే వెలుతురు వృథా. ఎలక్ట్రాన్‌ను నానోట్యూబు పక్కకు లాగేస్తే ఖాళీకి నీటితో, రంగుతో పని చేయడానికి టైమ్ దొరుకుతుంది. అందుకే ఈ జోడీ. కానీ నానోట్యూబుకి ఇంకో గుణం కూడా ఉంది: రంగును ఊరికే పట్టేసుకుంటుంది. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ రెండో గుణాన్ని లెక్కలోంచి తీసేయడానికే పోయింది.

శాంపిళ్ల పేర్లు: ఎన్0 అంటే నానోట్యూబు లేని మా సొంత టైటానియా. ఎన్1, ఎన్3, ఎన్10 అంటే బరువులో 1, 3, 10 శాతం నానోట్యూబు ఉన్నవి. పోలికకి బజార్లో దొరికే పీ25 టైటానియా.

దశ 1: వెలుతురు పెట్టె

ప్లైవుడ్ పెట్టె, లోపల అల్యూమినియం ఫాయిల్, పైన 8 వాట్ల యూవీ–ఏ ట్యూబులు నాలుగు. ప్రత్యేకంగా ల్యాబ్ ల్యాంపు కొనక్కర్లేదు. హోటళ్లలో, స్వీటు షాపుల్లో ఈగల కోసం పెట్టే మెషీన్లలో వాడే ట్యూబులు సరిపోతాయి, వాటి పీక్ 365 నానోమీటర్ల దగ్గరలోనే ఉంటుంది. నీళ్ల ఫిల్టర్లలో క్రిములు చంపే 254 నానోమీటర్ల ట్యూబు మాత్రం తేవద్దు. సైజు, పిన్నులు అవే, గాజు మాత్రం పారదర్శకంగా ఉంటుంది. అది కళ్లకి, చర్మానికి ప్రమాదం. పైగా ఉత్ప్రేరకం లేకుండానే కొన్ని రంగుల్ని అదే విరగ్గొడుతుంది, అప్పుడు ఏది ఏం చేసిందో తేలదు.

కొలతలు:

1. ట్యూబుల నుంచి ద్రవం పైభాగం దాకా 12 సెం.మీ.
2. స్విచ్ వేసిన వెంటనే యూవీ మీటర్ చదరపు సెం.మీ.కి 1.1 మిల్లీవాట్లు చూపించింది, 15 నిమిషాల తర్వాత 1.4. అందుకని ట్యూబులు వేడెక్కాకే బీకరు లోపల పెట్టడం.
3. ఫ్యాను లేకపోతే ద్రవం 30 నుంచి 39 డిగ్రీలకి ఎక్కింది. రెండు కంప్యూటర్ ఫ్యాన్లు బిగించాక 32 దగ్గర ఆగింది.

ఫ్యాన్లతో కొత్త గొడవ మొదలైంది. మూత లేని బీకరులో 100 మి.లీ. నీళ్లు రెండు గంటల్లో 96 అయ్యాయి. అంటే రంగు విరగకపోయినా గాఢత 4 శాతం పెరిగినట్టు కనబడుతుంది. బోరోసిలికేట్ పెట్రీ డిష్ మూత పెడితే ఆవిరి ఆగింది. వెలుతురు 1.3కి తగ్గింది. ఇక్కణ్నుంచి అన్ని రన్నులూ మూతతో, 1.3 మీదే.

దశ 2: నానోట్యూబులకి యాసిడ్

కొన్న నానోట్యూబులు బహుళ గోడలవి. నీళ్లలో వేస్తే నిమిషాల్లో అడుక్కి చేరిపోతాయి. వాటి ఒంటి మీద కార్బాక్సిల్ (ఆమ్ల) గుంపులు పుట్టిస్తేనే టైటానియా పట్టుకుంటుంది.

1. ఫ్యూమ్‌హుడ్‌లో, ఐసు మీద, గాఢ నైట్రిక్ ఆమ్లం 30 మి.లీ.లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 90 మి.లీ. కొద్దికొద్దిగా పోయాలి.
2. నానోట్యూబులు 2.00 గ్రా. వేసి సోనికేటర్ బాత్‌లో 3 గంటలు. బాత్ నీళ్లలో ఐసు వేస్తూ 50 డిగ్రీలు దాటకుండా చూడాలి. ఎర్రటి పొగ వస్తుంది, హుడ్ తలుపు ఎత్తకూడదు.
3. లీటరు చల్లటి నీళ్లలోకి ఈ మిశ్రమాన్ని ఒంపాలి. నీళ్లని యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు.
4. రాత్రంతా తేరనిచ్చి, పైనీరు వంచేసి, 0.45 మైక్రాన్ల టెఫ్లాన్ మెంబ్రేన్ మీద వాక్యూమ్‌తో వడకట్టాలి.

నాలుగో మెట్టు దగ్గర పని ఆగిపోయింది. పీహెచ్ 4 దాటేదాకా నీళ్లు చకచకా దిగాయి. తర్వాత చుక్క చుక్క, అది కూడా నల్లగా. కారణం తెలిస్తే సులువే: యాసిడ్ కడిగేకొద్దీ కార్బాక్సిల్ గుంపులు అయాన్లుగా మారతాయి, గొట్టాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో విడిపోతాయి, సన్నవి మెంబ్రేన్ దాటతాయి, లావువి దాన్ని మూసేస్తాయి. అంటే యాసిడ్ పని చేసిందన్నమాట. పీహెచ్ 4 నుంచి సెంట్రిఫ్యూజ్‌కి మార్చి, 7 వరకు వెళ్లకుండా 5.5 దగ్గర ఆపాను.

80 డిగ్రీల ఓవెన్‌లో ఆరాక గట్టి పెంకుల్లా వస్తుంది. అగేట్ కల్వంలో నూరేటప్పుడు రెండు చుక్కల ఐసోప్రొపనాల్ వేసి తడిగా నూరాలి. పొడిగా నూరితే ఆ దుమ్ము గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడని దుమ్ము అది, ఎన్95 మాస్కు తీయొద్దు.

ఎఫ్‌టీఐఆర్‌లో (ఏ గుంపులున్నాయో ఇన్‌ఫ్రారెడ్‌తో చూసే పరీక్ష) 1715 సెం.మీ.⁻¹ దగ్గర కార్బాక్సిల్ గుర్తుగా చిన్న గుబ్బ కనబడింది. కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) బిళ్లలో శాంపిల్ కాస్త ఎక్కువైనా మొత్తం నల్లబడి ఏమీ కనబడదు, ఆనవాలుకి వేస్తే చాలు. నిజానికి నాకు నమ్మకం కలిగించింది ఎఫ్‌టీఐఆర్ కాదు, మామూలు టెస్ట్‌ట్యూబ్. పాత పొడి అడుక్కి పోయింది, యాసిడ్ పడ్డది వారం తర్వాత కూడా ఇంకులా నిలిచే ఉంది.

ఇప్పటిదాకా లెక్క: మొదలు 2.00 గ్రా., చేతికొచ్చింది 1.47 గ్రా. కడగడానికి పట్టిన నీళ్లు సుమారు 7 లీటర్లు. నల్లనీళ్లు సింకులో పోయకుండా సోడాతో తటస్థం చేసి విడి క్యానులో.

దశ 3: సోల్–జెల్, తేమతో పోరు

ప్రికర్సర్ (నీళ్లు తగిలితే టైటానియాగా మారే మూల పదార్థం) టైటానియం టెట్రా ఐసోప్రొపాక్సైడ్, ల్యాబ్‌లో అందరూ టీటీఐపీ అంటారు. అణుభారం 284.2, సాంద్రత 0.96. లెక్క వేస్తే 3.7 మి.లీ.కి 1.0 గ్రా. టైటానియా రావాలి. ఇది బాచ్ సైజు.

మొదటి బాచ్‌లో పిపెట్‌తో టీటీఐపీ తీస్తుండగానే మొనకి తెల్లటి పెచ్చు కట్టింది. గదిలో తేమ 80 శాతం పైన. బీకరులో పడిన ప్రతి చుక్కా పడిన చోటే గడ్డకట్టింది. ఆరాక చూస్తే తెల్లటి ముద్దలో అక్కడక్కడ నల్లటి చుక్కలు, అచ్చం తాలింపు వేసిన దద్దోజనం. నానోట్యూబు ఒకచోట, టైటానియా ఒకచోట. దాన్ని కాంపోజిట్ అనడానికి లేదు, పారేశాం.

మార్చినవి మూడు. ఏసీ ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ గదికి మారాం, తేమ 50కి దిగింది. పిపెట్ మానేసి, 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టిన ఫ్లాస్కుకి రబ్బరు సెప్టం బిగించి సిరంజి వాడాం. అన్నిటికంటే పని చేసింది ఎసిటిక్ ఆమ్లం. అది టైటానియంని ముందే పట్టుకుని, నీళ్లు వచ్చి మీద పడే వేగాన్ని తగ్గిస్తుంది.

ఇప్పుడు వాడుతున్న పద్ధతి:

1. యాసిడ్ పడ్డ నానోట్యూబులు ఐసోప్రొపనాల్ 60 మి.లీ.లో, గంట సోనికేషన్. ఎన్1కి 10 మి.గ్రా., ఎన్3కి 31, ఎన్10కి 111.
2. పొడి ఫ్లాస్కులో ఐసోప్రొపనాల్ 20 మి.లీ., గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 2.9 మి.లీ.
3. సిరంజితో టీటీఐపీ 3.7 మి.లీ. రెండో మెట్టు ఫ్లాస్కులోకి. అరగంట కలపాలి. ద్రవం తేటగా ఉండాలి, మబ్బు పడితే అక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.
4. దాన్ని నానోట్యూబుల్లోకి పోయాలి.
5. నీళ్లు 1.8 మి.లీ., ఐసోప్రొపనాల్ 10 మి.లీ. కలిపి గంటసేపు చుక్క చుక్కగా.
6. 4 గంటలు స్టిర్రర్ మీద, రాత్రంతా మూతపెట్టి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టి నూరాలి.

దశ 4: కాల్చడం

ఈ దశకొచ్చేసరికి పొడి ఇంకా స్ఫటికం కాదు, కాల్చితేనే అనటేజ్ అవుతుంది. మఫిల్ ఫర్నేస్‌లో 500 డిగ్రీలు, 2 గంటలు, మామూలు గాలిలో పెట్టాం. బూడిద రంగు పొడి లోపలికి వెళ్లింది, తెల్లటి పొడి బయటికొచ్చింది. నానోట్యూబులు కాలి కార్బన్ డయాక్సైడ్ అయిపోయాయి.

అదే ఫర్నేస్‌లో ఉత్త నానోట్యూబులు పెడితే ఆ వేడికి అంతగా పోలేదు. టైటానియా పక్కన ఉంటే అవి ముందుగానే అంటుకుంటాయి. మామూలు నానోట్యూబుల థర్మోగ్రామ్ (వేడికి బరువు ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫు) చూసి ఈ వేడికి ఏం కాదులే అనుకోవడానికి లేదు.

పూర్తిగా నైట్రోజన్‌లో చేస్తే ఇంకో చిక్కు: ఎసిటేట్ మిగులు కాలక, బొగ్గులా మారి ఎన్0 కూడా గోధుమ రంగులో వచ్చింది. అందుకని రెండు మెట్లు. ముందు గాలిలో 300 డిగ్రీలు, గంట. తర్వాత ఫిజిక్స్ వాళ్ల ట్యూబ్ ఫర్నేస్‌లో నైట్రోజన్ కింద 450 డిగ్రీలు, 2 గంటలు. వేడి నిమిషానికి 2 డిగ్రీల చొప్పున పెంచాలి. ఎన్0 తెల్లగా, మిగతావి వరసగా ముదురు బూడిద రంగులో వచ్చాయి.

నానోట్యూబు ఎంత మిగిలిందో చూడటానికి మాకు థర్మోగ్రావిమెట్రీ అందుబాటులో లేదు. క్రూసిబుల్, నాలుగు దశాంశాల తరాజు ఉన్నాయి. శాంపిల్‌ని ముందు 150 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచి, 700 డిగ్రీల దగ్గర గాలిలో 2 గంటలు కాల్చి మళ్లీ తూచాం. ఎన్0కి వచ్చిన తరుగుని మిగతావాటిలోంచి తీసేశాం. వచ్చినవి: ఎన్1లో 0.8 శాతం, ఎన్3లో 2.6, ఎన్10లో 9.1. వేసినదానికంటే కొంచెం తక్కువ, 300 మెట్టు దగ్గర పోయి ఉండాలి. ఆరబెట్టకుండా తూచితే ఎన్1 అంకెని నమ్మలేం, ఆ తరుగంతా తేమదే కావచ్చు.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక రకం చూసే పరీక్ష) గురించి ఒక్క మాట. అనటేజ్ పెద్ద పీక్ 25.3 డిగ్రీల దగ్గర, నానోట్యూబు పీక్ 26 దగ్గర. రెండోది మొదటిదాని కింద మునిగిపోతుంది. పీక్ కనబడలేదని నానోట్యూబు లేదనుకోవడం తప్పు, పీక్ కాస్త వాలిందని ఉందనడం కూడా తప్పే. 27.4 దగ్గర రూటైల్ (టైటానియాలో ఇంకో స్ఫటిక రకం) లేదు, అది మాత్రం ఖాయంగా చెప్పొచ్చు. పీక్ వెడల్పు 0.8 డిగ్రీలు, షెరర్ సూత్రంలో వేస్తే స్ఫటికం సుమారు 10 నానోమీటర్లు.

ఇప్పటిదాకా లెక్క: 1.47 గ్రా.లో దద్దోజనం బాచ్‌కి 31 మి.గ్రా., తెల్లబడిన బాచ్‌కి 31, మొదటి సెట్‌కి 152, పరీక్షలకి 16. మిగిలింది 1.24 గ్రా.

దశ 5: కొలిచే పద్ధతినే ముందు కొలవడం

రంగు నీళ్లు లీటరుకి 10 మి.గ్రా. మిథిలిన్ బ్లూ, 100 మి.లీ., అందులో 50 మి.గ్రా. ఉత్ప్రేరకం. అంటే బీకరులో రంగు మొత్తం 1.0 మి.గ్రా. ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

సీసా మీద హైడ్రేట్ అని ఉందో లేదో చూసుకోండి. నీరు లేని మిథిలిన్ బ్లూ అణుభారం 319.9, ట్రైహైడ్రేట్‌ది 373.9. మాది ట్రైహైడ్రేట్.

664 నానోమీటర్ల దగ్గర ఈ నీళ్ల రీడింగ్ (అబ్సార్బెన్స్, అంటే వెలుతురు ఎంత మింగిందో) దాదాపు 2. మా స్పెక్ట్రోఫొటోమీటర్ 1 దాటాక సరిగ్గా చెప్పదు, పైగా ఈ రంగు గాఢత పెరిగితే జంటలు కట్టి 612 దగ్గర భుజం లేపుతుంది. అందుకని ప్రతి శాంపిల్ 2 మి.లీ. తీసి 10 మి.లీ.కి పలచన చేయడం. కాలిబ్రేషన్ 0.5 నుంచి 5 మి.గ్రా. దాకా, వాలు 0.196.

ఉత్ప్రేరకం పొడిని వేరు చేయడానికి మొదట 0.22 మైక్రాన్ల నైలాన్ సిరంజి ఫిల్టర్ వాడాం. గ్రాఫు అద్భుతంగా వచ్చింది, అనుమానం కూడా అక్కడే వచ్చింది. ఉత్ప్రేరకం ఏమీ లేకుండా, లీటరుకి 2 మి.గ్రా. ఉన్న ఉత్త రంగు నీళ్లని ఫిల్టర్ గుండా పంపి చూశాం. 0.39 రావాల్సిన రీడింగ్ 0.21 వచ్చింది. ఫిల్టర్ బిళ్ల విప్పి చూస్తే లోపల ముదురు నీలం. సగం రంగు అదే తాగేసింది.

ఫిల్టర్ పక్కన పెట్టి సెంట్రిఫ్యూజ్. మా 4,000 ఆర్‌పీఎం మెషీన్ పీ25ని దించలేకపోయింది. రంగు అసలు లేని 800 నానోమీటర్ల దగ్గర కూడా 0.06 చూపిస్తోంది, అది పొడి చెదరగొట్టే వెలుతురు. బయోకెమిస్ట్రీ వాళ్ల మెషీన్‌లో 10,000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు తిప్పితే 0.005కి దిగింది. ఇప్పుడు ప్రతి రీడింగ్‌తో పాటు 800 దగ్గర కూడా చూసి తీసేస్తున్నాం.

క్యూవెట్ గోడలకి కూడా నీలం అంటుకుంటుంది. రన్నుకీ రన్నుకీ మధ్య రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసిన ఇథనాల్‌తో కడగాలి.

దశ 6: చీకటి

మొదటి సెట్ గ్రాఫులు పట్టుకుని వెళ్తే మా గైడ్ మేడమ్ అడిగింది ఒక్కటే: "చీకట్లో ఎంత పోయిందమ్మా?"

లైటు వేసే ముందు, రంగు పొడికి అంటుకోవడం ఆగేదాకా ఉంచడానికి, అందరూ రాసే 30 నిమిషాల చీకటి మెట్టు మేమూ పెట్టాం. ఎన్0కి, పీ25కి అది చాలు. ఎన్10కి 30 దగ్గర ఇంకా దిగుతూనే ఉంది, 60 దగ్గరా దిగుతోంది, 90 తర్వాత నిలబడింది. నిలబడకముందే లైటు వేస్తే, మిగిలిన అంటుకోవడం అంతా వెలుతురు చేసిన పనిలా గ్రాఫులోకి ఎక్కుతుంది. అందుకని అన్నిటికీ ఒకటే రూలు: 120 నిమిషాలు చీకటి, ఆ తర్వాత ఉన్న గాఢతే సున్నా నిమిషం గాఢత. అక్కణ్నుంచి సహజ లాగరిథం గీత వాలు తీసి వేగ స్థిరాంకం (రంగు ఎంత వేగంగా విరుగుతుందో చెప్పే అంకె). మళ్లీ చేసినా తేడా 0.002 దాటలేదు.

- పీ25: చీకట్లో 4 శాతం పోయింది, వేగ స్థిరాంకం నిమిషానికి 0.031
- ఎన్0: 6 శాతం, 0.012
- ఎన్1: 10 శాతం, 0.016
- ఎన్3: 19 శాతం, 0.020
- ఎన్10: 44 శాతం, 0.009
- ఉత్ప్రేరకం లేకుండా గంట వెలుతురు: 3 శాతం

(ఇవి దశ 7 తర్వాత మళ్లీ చేసిన సెట్ అంకెలు.)

ఇప్పుడు ఇవే అంకెల్ని చీకటి, వెలుతురు విడదీయకుండా, గంట వెలుతురు తర్వాత మొత్తం ఎంత రంగు పోయిందని చూడండి. ఎన్0 54 శాతం, ఎన్1 66, ఎన్10 67. ఎన్10 ఎన్1కి సమానంగా, ఎన్0ని దాటేసి కూర్చుంటుంది. నిజానికి వెలుతురు కింద దాని పని అన్నిటికంటే తక్కువ. నల్లటి గొట్టాలు ఎక్కువైతే వెలుతురుని అవే మింగేస్తాయి, టైటానియా దాకా రానివ్వవు. అంటుకోవడం ఆ లోటుని కప్పేస్తుంది.

పీ25 మా అన్ని శాంపిళ్లకంటే ముందుంది. అందులో అనటేజ్ సుమారు 80 శాతం, రూటైల్ 20 శాతం, దాన్ని కొట్టడం తేలిక కాదు. పట్టికలో ఎన్0ని మాత్రమే పెట్టి "67 శాతం మెరుగు" అని రాసుకోవచ్చు, అంకె అబద్ధం కాదు. కానీ పీ25 వరస లేని పట్టిక చూస్తే నాకిప్పుడు మొదట వచ్చేది అనుమానమే.

ఎన్0లో 3 శాతం నానోట్యూబులు ఉత్తినే కలిపి నూరిన మిశ్రమం కూడా చేశాం. చీకట్లో 20 శాతం, వేగం 0.011. అంటుకోవడం ఎన్3లాగే ఉంది, వేగం ఎన్0 దగ్గరే ఆగింది. అంటే ఎన్3లో పెరిగిన వేగం పక్కపక్కన ఉండటం వల్ల రాలేదు, గొట్టం మీదే టైటానియా పెరగడం వల్ల వచ్చింది. ఈ కంట్రోల్‌కి పట్టేది ఒక్క పూట, వదలొద్దు.

"ఎండలో పెడదాం అక్కా, కరెంటు ఖర్చుండదు" అని జూనియర్లు గోల. పెట్టాం, రంగు బ్రహ్మాండంగా పోయింది. ఆ గ్రాఫు ఇక్కడ వేయడం లేదు. మిథిలిన్ బ్లూ తనే ఎర్ర వెలుతురుని మింగి టైటానియాకి ఎలక్ట్రాన్ ఇవ్వగలదు, అప్పుడు రంగు పోవడం ఉత్ప్రేరకం గొప్ప కాదు. యూవీ ఆపేసే ఫిల్టర్ పెట్టి, తెల్ల ఎల్‌ఈడీ కింద ఎన్3తో చూస్తే నీలం మెల్లగా తగ్గింది. అదే వెలుతురులో, రంగు లేని ఫినాల్ వేసి ఫార్మసీ వాళ్ల హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలో ఏది ఎంత ఉందో కొలిచే మెషీన్) చూస్తే పీక్ తగ్గలేదు. కాబట్టి "కనబడే వెలుతురులో పని చేస్తుంది" అన్న మాట మా శాంపిల్‌కి వర్తించదు.

దశ 7: గోధుమ రంగు నీళ్లు

రంగు పోయింది సరే, కార్బన్ పోయిందా? సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) చేద్దామంటే ఇంత పలచటి నీళ్లకి డైక్రొమేట్ పద్ధతి నమ్మదగ్గది కాదు. మొత్తం సేంద్రియ కార్బన్, అంటే టీఓసీ చూడాలి. లీటరుకి 10 మి.గ్రా. ట్రైహైడ్రేట్‌లో కార్బన్ 5.1 మి.గ్రా. ఉండాలి, మెషీన్ 5.0 ఇచ్చింది. అక్కడిదాకా బాగుంది.

రంగు లేకుండా, ఉత్త నీళ్లలో పొడి మాత్రమే వేసిన ఖాళీ రన్నుల్లో తేడా వచ్చింది. నూరి కలిపిన మిశ్రమం ఉత్త నీళ్లకే 0.9 మి.గ్రా. కార్బన్ ఇచ్చింది. ఎన్3 0.3. కాల్చని నానోట్యూబుల నుంచి ఏదో కరుగుతోంది.

కొన్ని మి.గ్రా. యాసిడ్ పడ్డ నానోట్యూబుల్ని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపి సెంట్రిఫ్యూజ్ చేస్తే పైనీరు గోధుమ రంగులో దిగింది. గాఢ ఆమ్లాలు గొట్టాన్ని కొరికినప్పుడు విడిపోయే చిన్న చిన్న కార్బన్ ముక్కలు అవి. నీళ్లతో ఎంత కడిగినా గోడకి అంటుకునే ఉంటాయి, క్షారంలో వదులుతాయి. మనం గొట్టానికి తగిలాయనుకునే కార్బాక్సిల్ గుంపుల్లో చాలా భాగం ఈ ముక్కల మీదే ఉంటాయి. టైటానియా వాటి మీద పెరిగితే గొట్టం మీద పెరిగినట్టు కాదు.

చేసిన మార్పు:

1. మిగిలిన నానోట్యూబులన్నీ 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో గంట కలిపి సెంట్రిఫ్యూజ్. పైనీరు తేటపడేదాకా మళ్లీ మళ్లీ.
2. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒకసారి, గుంపులు తిరిగి ఆమ్ల రూపానికి రావడానికి.
3. నీళ్లతో పీహెచ్ 5.5 దాకా, తర్వాత ఓవెన్.

1.24 గ్రా. కాస్తా 1.105 అయింది, 11 శాతం తరుగు. అంకెలు సరిపోతున్నాయా చూద్దాం: మిశ్రమం రన్నులో లీటరుకి 15 మి.గ్రా. నానోట్యూబు ఉంది, దాంట్లో 11 శాతం అంటే 1.65 మి.గ్రా. ముక్కలు, వాటిలో సగం పైచిలుకు కార్బన్ అనుకుంటే 0.9 దగ్గరే. సరిపోయింది.

శాంపిళ్లన్నీ మళ్లీ చేశాం. పాత ఎన్3 వేగం 0.017, కొత్తది 0.020. మిశ్రమం ఖాళీ రన్ను 0.2కి దిగింది.

ఇప్పటిదాకా లెక్క: 1.105 గ్రా.లో కొత్త సెట్‌కి 152 మి.గ్రా., మిశ్రమానికి 6, ఎన్3 ఇంకో బాచ్‌కి 31. మిగిలింది 0.92 గ్రా.

దశ 8: ఆ ఒక్క మిల్లీగ్రాము పద్దు

బీకరులో వేసిన 1.0 మి.గ్రా. రంగు ఎక్కడెక్కడ ఉందో తేల్చే రన్ను ఇది. మధ్యలో శాంపిల్ తీయకూడదు, తీస్తే పొడి, రంగు రెండూ పోయి పద్దు కుదరదు. చీకటి 120 నిమిషాలు, వెలుతురు 120. ఆఖర్న ద్రవంలో ఉన్నది కొలవాలి. పొడిని ఆమ్లం చుక్కలు వేసిన ఇథనాల్‌లో సోనికేట్ చేసి, వదిలిన రంగుని కొలవాలి. ఇథనాల్‌లో పీక్ కొంచెం జరుగుతుంది, దానికి వేరే కాలిబ్రేషన్ గీసుకోవాలి.

ద్రవంలో మిగిలింది, పొడికి అంటుకున్నది, నిజంగా మారిపోయింది, ఈ వరసలో, మి.గ్రా.లలో:

- పీ25: 0.02, 0.01, 0.97
- ఎన్0: 0.22, 0.02, 0.76
- ఎన్1: 0.13, 0.03, 0.84
- ఎన్3: 0.07, 0.05, 0.88
- ఎన్10: 0.19, 0.29, 0.52

ఎన్10 ఇథనాల్‌ని ముదురు నీలం చేసింది. ద్రవం మాత్రమే చూసినవాళ్లకి 81 శాతం పోయినట్టు, పద్దు చూస్తే 52. నానోట్యూబు అసలు లేని ఎన్0 కంటే తక్కువ.

"మారిపోయింది" అన్నదంతా కార్బన్ డయాక్సైడ్ అయిందని కాదు. ఎన్3లో ద్రవం రంగు 93 శాతం పోయినచోట టీఓసీ 5.0 నుంచి 2.9కే దిగింది. రన్ను మధ్యలో పీక్ 664 నుంచి మెల్లగా ఎడమకి జరగడం కూడా కనబడింది, మిథైల్ గుంపులు ఒక్కొక్కటే ఊడుతున్నాయన్నమాట. రంగు లేని ల్యూకో రూపంగా దాక్కుందేమోనని తేటపడిన నీళ్లలో చీకట్లో గంటసేపు గాలి ఊదాం. రీడింగ్ 0.01 పెరిగింది, అంతే. ఆ అనుమానం తీరింది.

దశ 9: మళ్లీ వాడటం, అద్దకం నీళ్లు

పీ25కి లేని సుఖం ఎన్3లో ఒకటి దొరికింది. రన్ను అయ్యాక రాత్రంతా వదిలేస్తే ఎన్3 అడుక్కి చేరుతుంది, పీ25 తెల్లారినా పాలలాగే ఉంటుంది. తిరిగి వాడుకోవాలంటే ఇది పెద్ద విషయం. ఎన్3ని మళ్లీ మళ్లీ వాడితే మూడో విడతకి వేగం 0.020 నుంచి 0.014కి పడింది. చచ్చిపోతోందా అని తూచి చూస్తే పొడి 50 మి.గ్రా. నుంచి 41 అయింది, కడగడంలో పోయింది. కొంత పొడి తగ్గడం వల్ల, కొంత మీద పేరుకున్నదాని వల్ల. విడత విడతకీ పొడి తూచకుండా గీసే రీయూజ్ గ్రాఫుల్లో ఈ రెండూ విడిపోవు.

చీరాల వైపు నూలు అద్దే ఒక చోటి నుంచి రియాక్టివ్ ఎరుపు తొట్టి నీళ్లు తెచ్చాం. "ఉప్పు, సోడా బాగా ఉంటాయమ్మా, చేతికి పుండ్లుంటే ముట్టుకోవద్దు" అని చెప్పి మరీ క్యాను నింపారు. పీహెచ్ 10.8. 20 రెట్లు పలచన చేసి ఎన్3 వేస్తే రెండు గంటల్లో ఏమీ కదల్లేదు. ఆ పీహెచ్ దగ్గర టైటానియా ఉపరితలం రుణావేశం, ఈ రంగుదీ రుణావేశమే, దగ్గరికే రాదు. పైగా సోడాలోని కార్బొనేట్, రంగుని విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్‌ని ముందే తినేస్తుంది. పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 6.5కి దించి, నురగ ఆగేదాకా కలిపి, మళ్లీ పెడితే వేగం 0.002. మిథిలిన్ బ్లూ మీద వచ్చిన దాంట్లో పదో వంతు.

ఇదే నీళ్లలో పీ25 ఎంత ఇస్తుందో ఇంకా పెట్టలేదు, వచ్చే వారం అదే. దాంతోపాటు పీహెచ్ 4 దగ్గర ఎన్0, ఎన్3 జంటగా, ఉప్పు వేసి, వేయకుండా. ట్యూబుల్లో ఒకటి మొన నల్లబడింది, మార్చాక యూవీ మీటర్ మళ్లీ 1.3 చూపిస్తేనే కొత్త రన్నులు మొదలవుతాయి.